ఎండకు పట్టి చూసిన చెయ్యి

కర్నూలులో స్కానింగు గదిలో వాపొచ్చిన నా మణికట్టు మీద పూసిన చల్లని జిగురుకు వాసనంటూ పెద్దగా లేదు. తెర మీద నెత్తురు ఎర్రగా, నీలంగా పారుతుంటే డాక్టరమ్మ భయం లేదని చెప్పింది. నాకు మాత్రం తడిపిన శెనక్కాయల మట్టివాసన వచ్చింది.

ఆ వాసన నా చిన్నప్పటిది, కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఏళ్లది. వానలకు ముందు విత్తనాల కోసం కాయలు ఒలిచే రోజుల్లో మా పల్లెలో ఇంటి పంచ నిండా ఆ వాసనే ఉండేది. జొన్నరొట్టె, ఊరిమిండి పచ్చడి ఒలిచే చోటే తిని, ఎండ ముదిరాక కాయలు పక్కకు నెట్టి, రాళ్లు ఎగరేసి పట్టే అచ్చనగాండ్లు ఆడేవాళ్లం. గెలుపు ఎప్పుడూ మా అక్కదే. ఆమె కుడి అరచేతిలో, బొటనవేలి మొదట్లో, పుట్టినప్పటి నుంచి నీలంగా మెత్తటి వాపు ఉండేది. చెయ్యి వేలాడేస్తే ఉబ్బేది, పైకెత్తితే చప్పబడేది. ఆ ఏడు నొప్పి మొదలైంది. రాచపుండేమో, చెయ్యి తీసేస్తారేమోనని అమ్మ ఏడ్చింది. నాయన అక్కను బస్సెక్కించి కర్నూలు తీసుకుపోయి ఎక్స్‌రే తీయించాడు.

తిరిగొచ్చాక వాకిట్లో నిలబడి ఆ ఫిల్మును ఎండకు పట్టాడు. ఎముకల పక్కన, మాంసంలో, జొన్నగింజలంత తెల్లటి చుక్కలు. రక్తనాళాలు పుట్టుకతోనే గుత్తిగా అల్లుకున్నాయనీ, వాటిలో నిలిచిన నెత్తురు రాళ్లుగా మారిందనీ, ఆ రాళ్లను బట్టే జబ్బు తెలిసిందనీ డాక్టరు చెప్పాడట.

"కత్తి పెట్టగూడదంట, వాత పెట్టగూడదంట. ఇట్లే ఇడిస్తే చేతికేం గాదంట," అన్నాడు నాయన.

"గింజలు కండ్లకు కనపడతాండాయి కదప్పా. కనపడినదాన్ని తీయనీకి భయమేంది?" అంది ఆయన తల్లి, మా జేజి.

"తీయొద్దులే జేజీ, వానొస్తే మొలుస్తాయి," అంది అక్క. అందరం నవ్వాం. జేజి నవ్వలేదు.

ఊళ్లో ఎవరి కాలిలో తుమ్మముల్లు విరిగినా జేజి దగ్గరికే వచ్చేవాళ్లు. కనపడని మొనను వేలితో తడిమి పట్టుకుని, సూదితో పైకి లేపి, గాయంలో పొయ్యిబూడిద అద్ది పంపేది. అక్క చేతిలో గింజ ఎక్కడుందో ఎక్స్‌రే ఫిల్మే చూపించింది. నాయన చేనికి పోయిన పొద్దున, నొప్పికి తాళలేక అక్కే చెయ్యి చాచింది. సూది దిగగానే నెత్తురు ధారగా కారింది. జేజి బూడిద కూరి, చీరచెంగు చింపి గట్టిగా కట్టింది. నెత్తురు ఆగింది. అక్క మళ్లీ కాయల ముందు కూర్చుంది. వారం దాటాక దవడలు బిగుసుకున్నాయి. ధనుర్వాతమన్నారు. మేము ఒలిచిన విత్తనం చేలో పడేనాటికి అక్క లేదు.

జేజి మళ్లీ సూది పట్టలేదు. ముల్లు గుచ్చుకున్న పిల్లలు అలవాటుగా కుంటుకుంటూ మా వాకిలి దాకా వచ్చి, పంచలో ఆమెను చూసి, కాసేపు నిలబడి వెనక్కి పోయేవాళ్లు.

ఇప్పుడు ఆ పంచ లేదు. కాయలు యంత్రం ఒలుస్తుంది. మా ఇంట్లో ఫొటోలు తీయించే అలవాటు ఉండేది కాదు. అక్క ముఖం గుర్తు రావడం మానేసి చాలా ఏళ్లయింది. తలుచుకుంటే వచ్చేది ఆ ఫిల్ములోని చెయ్యే. వేళ్లు విడదీసి, కదలొద్దని ఎవరో చెప్పినందుకు, కదలకుండా పెట్టిన చెయ్యి.