చిన్నమ్మ వెనక సముద్రం

సంగారెడ్డి బస్టాండు దగ్గర మా మెడికల్ షాపు షట్టర్ ఎత్తి, ఇంకా అగరుబత్తి కూడా వెలిగించకముందే ఫోన్ మోగింది. కర్దనూర్‌లో మా చిన్నమ్మ పక్కింట్లో ఉండే, అందరూ ఖాలా అని పిలిచే పెద్దావిడ. "బేటీ, నీ చిన్నమ్మ పిలిస్తే పలుకుతలేదు. జల్దీ రా," అంది. మళ్లీ షట్టర్ దించి, దొరికిన బస్సెక్కాను. పటాన్‌చెరు చేరేలోపే ఖాలా మళ్లీ చేసింది. ఈసారి ఏడుపు ఒక్కటే వినబడింది.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. చిన్నాన్న పోయాక ఒక్కతే ఉండేది. ఆమె ప్రయాణాల్లో ఉన్నప్పుడు ఎవరి ఫోన్ మోగినా నాదేనేమోనని చూసుకునేదాన్ని. పడవలో ఉందో, రైల్లో ఉందో, భాష తెలియని ఊళ్లో దారి తప్పిందో అని. ఈసారి ఇంట్లోనే ఉంది కదా అని నిశ్చింతగా ఉన్నాను. పొద్దున్నే టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చుని, అలాగే వెళ్లిపోయింది. గుండె ఆగిందన్నారు. నేను వెళ్లేసరికి ఆమె తల కొద్దిగా తలుపు వైపు తిరిగి ఉంది, ఎవరో వస్తున్నట్టు.

ఆమె ముందుగది చూసినవాళ్లెవరూ అది ఒక భయస్తురాలి ఇల్లని అనుకోరు. గోడ నిండా సముద్రాలు. రామేశ్వరం దీవి, డయ్యూ వీధులు, మల్పే తీరం, భీమిలి. అన్నీ ఫోన్‌తో తీసినవే. పటాన్‌చెరులో ప్రింటు వేయించి, మామూలు ఫ్రేములు కట్టించి తగిలించింది. వాడకట్టు ఆడవాళ్లు వచ్చి, "మస్తు తిరుగుతున్నవక్కా, ఎంత ధైర్యం నీకు," అనేవాళ్లు.

"ధైర్యమా? కూసోండ్రి, చాయ్ పెడ్త. ఒక్కొక్క ఫోటో ఎనుక ఏమున్నదో చెప్త," అనేది.

పాంబన్ వంతెన ఫోటో అంతా మసకమసకగా ఉంటుంది. "రైలు నీళ్ల మీద పోతాంది. కిందికి సూస్తె గోడ లేదు, కంబి లేదు. కండ్లు మూసుకొని తీసిన. చెయ్యి వణికింది, ఫోటో గూడ వణికింది." మల్పేలో తీసినదానిలో సముద్రమే కనబడదు, ఒక మూల పడవ అంచు, మిగతా అంతా ఆకాశం. దీవికి పోతున్న పడవ ఎగిరిపడితే ఆమె వెల్లకిలా పడింది. పడుతూ పడుతూ ఫోన్ మీద వేలు నొక్కుకుంది. "ఆ ఆకాశం నేను సూసి తీసింది కాదు. అదే నన్ను సూసింది," అని నవ్వేది.

డయ్యూ ఫోటో అందరికీ ఇష్టం. పసుపు గోడ, మూసిన నీలం తలుపు, ముందు రెండు మెట్లు. అచ్చం క్యాలెండరు బొమ్మలా ఉంటుంది. అది తీసిన కాసేపటికే ఫోన్ ఆగిపోయింది, లాడ్జికి దారి తప్పింది. ఏ సందులోంచి వెళ్లినా తిరిగి ఆ నీలం తలుపు దగ్గరికే వచ్చేది. చివరికి ఆ మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది. తలుపు తెరుచుకుని ఒక ముసలామె వచ్చింది. ఆమె గుజరాతీ, ఈమె తెలుగు. ఒకరి మాట ఒకరికి తెలియదు. ఆ ముసలామె నీళ్లిచ్చి, పక్కనే మెట్టు మీద కూర్చుని, తన కొంగుతో ఈమె కళ్లు తుడిచింది. ఎండ తగ్గాక చెయ్యి పట్టుకుని లాడ్జి దాకా నడిపించింది. ఆ మధ్యాహ్నమంతా నేను ఇక్కడ షాపులో నిలబడి ఆమెకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. స్విచ్చాఫ్. జ్వరం మాత్ర అడిగిన మనిషికి దగ్గు మందు చేతిలో పెట్టాను. ఆయన సీసా తిప్పి చూసి, "ఏంది మేడం, పరేషాన్‌లున్నరా?" అన్నాడు.

సాయంత్రం ఆమె గొంతు వినబడగానే కోపమంతా చూపించాను. "ఇంత భయం పెట్టుకొని ఎందుకు పోవుడు చిన్నమ్మా?"

"భయం పోయినంక పోదామనుకుంటే నేను పటాన్‌చెరు గూడ దాటను. అది గూడ నాతోనే వస్తది. రానీ."

ఆ భయం ఆమెకు ఉద్యోగంలో పట్టుకుంది. పారిశ్రామికవాడలో ఒక మందుల ఫ్యాక్టరీ ఫస్ట్ ఎయిడ్ గదిలో నర్సుగా చేసి రిటైరైంది. పెళ్లిళ్లకు వెళ్తే ఫంక్షన్ హాల్లో తలుపు పక్క కుర్చీయే వెతుక్కునేది. బట్టలు ఆరేసే ముందు గాలి వాసన చూసేది. సైరన్ మోగితే చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయేది. "షిఫ్టు సైరనే," అని తనకు తానే చెప్పుకున్నాక గానీ నోట్లో పెట్టుకునేది కాదు. చిన్నప్పుడు సెలవులకు ఆమె ఇంటికి వెళ్తే, మెల్లగా నాకూ ఆ అలవాటు వచ్చింది. ఇద్దరం ముద్దలు పట్టుకుని ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం.

గోడ మధ్యలో ఉన్న ఫోటో మాత్రం ఆమె తీసింది కాదు. అందులో ఆమే ఉంది. ఇసుకలో నిలబడి ఉంటుంది, ఒక పక్క పడవ ముక్కు, వెనక సముద్రం ఒక వైపుకు ఒరిగి ఉంటుంది. నోరు తెరిచి, సగం వెనక్కి తిరిగి ఏదో అంటున్నట్టుంటుంది. "ఇదెవరు తీసిండ్రు?" అని అడిగితే, "అప్పన్న," అని చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయేది. అది ఆమె మొదటి ప్రయాణం. నేను వెంట ఉన్నాను కనుక ఆ కథ నేనే చెప్పాలి.

రిటైరైన కొన్నాళ్లకు ఒక రోజు, "సముద్రం సూడాలె బిడ్డా. గోపాల్‌పూర్‌ల సూడాలె," అంది. ఒడిశాలో అంత దూరం ఎందుకు, వైజాగ్ వెళ్దామన్నాను. వినలేదు. సికింద్రాబాద్‌లో రైలెక్కాం. తెచ్చుకున్న పులిహోర విప్పలేదు, కిటికీలోంచి చూడలేదు. బ్యాగు ఒళ్లో పెట్టుకుని దాని పట్టీని మెలిపెడుతూ కూర్చుంది. రైలు ఆంధ్ర దాటబోతుండగా చెప్పడం మొదలుపెట్టింది.

ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనివాడొకడు, అప్పన్న, గోపాల్‌పూర్ దగ్గరి జాలరి పల్లె నుంచి వచ్చినవాడు. పైపు జాయింటు ఊడి రసాయనం అతని రెండు కళ్లలో పడింది. మోసుకొచ్చి ఆమె గదిలో పడుకోబెట్టారు. అతను ఒడియా వాడనుకుని ఆమె హిందీలో మాట్లాడుతుంటే, అతను తెలుగులో అరిచాడట. "నా కళ్లు పోనాయా అమ్మా? సెప్పండి, పోనాయా?"  కుళాయి విప్పి కళ్లు కడుగుతూ, "జెర ఆగు నాయనా, జెర ఆగు," అంటూ, అతన్ని మాటల్లో పెట్టడానికి ఊరి సంగతులు అడిగింది. లైట్‌హౌసు పక్కన మా పల్లె అని అతను చెప్పాడు. అంతలో అంబులెన్సు వచ్చింది. కళ్ల మీద గుడ్డ కట్టి తీసుకుపోయారు.

"ఇంకా కడగాలె అన్న. వింటలేరు. ఆలస్యమైతది, ఆలస్యమైతది అని గుంజుకపోయిండ్రు. తర్వాత కాంట్రాక్టరును అడిగితే ఊరికి పోయిండన్నడు. సూపున్నదా అంటే నాకేం తెల్సు అన్నడు. ఇంకో జెర సేపు కడిగితే ఎట్లుండునో. అన్నం తినేటప్పుడు అదే, పండుకునేటప్పుడు అదే."

"ఇన్నేండ్లు ఎవరికీ చెప్పలేదేంది చిన్నమ్మా?"

"చెప్తే ఏం జేస్తరు? నీ తప్పు లేదంటరు. వాళ్లు సూసిండ్రా?"

బరంపురంలో దిగి, ఆటోలో గోపాల్‌పూర్ చేరాం. లైట్‌హౌసు, పెచ్చులూడిన పాత బంగళాలు, వాటి అవతల ఒక్కసారిగా నీళ్లు. జీవితంలో మొదటిసారి సముద్రం ముందు నిలబడి మా చిన్నమ్మ దాన్ని చూడనే లేదు. ఇసుక మీద నడిచేవాళ్ల మొహాలు చూస్తోంది, ఒక్కొక్క మొహంలో కళ్లు చూస్తోంది.

పల్లెలో చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్లను అడిగాం. "ఏ అప్పన్నమ్మా? ఈడ సానామంది ఉన్నారు," అని ఒకామె ముందు ఓ ముసలి అప్పన్నను చూపించింది. కాదన్నాం. హైదరాబాదు కంపెనీలో పని చేసినవాడని చెప్పాం. ఆమె చేతిలోని చేపను ఇసుక మీద వేసి, "ఓ, ఆడా. ఆడిప్పుడు సముద్రం మీదికి ఎల్లడమ్మా. ఎల్లలేడు," అంది.

చిన్నమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు గాజుల్ని దాటి నా ఎముకకు తగిలింది. "ఇగ పోదాం పా బిడ్డా," అంది మెల్లగా. ఇంత దూరం వచ్చి వెనక్కి వెళ్తామా అన్నాను. ఆమె కదల్లేదు. నేనే నడిపించాను.

గుడిసె ముందు నీడలో ఒక మనిషి మాకు వీపు పెట్టి కూర్చుని వల బాగు చేస్తున్నాడు. తల ఎటో ఉంది, వేళ్లు మాత్రం ముడులను తడిమి తడిమి పట్టుకుంటున్నాయి. అది చూడగానే చిన్నమ్మ కాళ్లు ఆగిపోయాయి. నేను పిలవబోయాను. ఆమె నన్ను వెనక్కి లాగి, "జెర ఆగు. జెర ఆగు బిడ్డా," అంది.

వల మీద వేళ్లు ఆగాయి.

"మందుల గది అమ్మగారా?" అన్నాడు అతను, ఇంకా మా వైపు తిరగకుండానే.

తర్వాత తిరిగాడు. ఒక కన్ను మీద తెల్లగా పొర కమ్మి ఉంది. రెండోది మమ్మల్ని చూస్తోంది. చిన్నమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గబగబా అతని ముందు కూర్చుని, చెయ్యి ఎత్తి, "ఎన్ని వేళ్లు?" అంది, డ్యూటీలో ఉన్నట్టు.

"మూడు," అన్నాడు అప్పన్న, నవ్వుతూ. "ఇంకా దూరం ఎట్టండి, సెప్తాను."

అతని భార్య చాప వేసి, కొబ్బరి ముక్కలు తెచ్చింది. ఎండలో నీళ్ల మెరుపును మిగిలిన కన్ను తట్టుకోదని, అందుకే సముద్రం మీదికి పోవడం మానేశానని అతను చెప్పాడు. ఎవరు కడిగారో గానీ కడగకపోతే రెండూ పోయేవని ఆసుపత్రి డాక్టరు అన్నాడట. చిన్నమ్మకు ఆ మాట చాలలేదు. "ఇంకా కడిగితే పోయిన కన్ను గూడ దక్కుతుండెనేమో," అంది, తల దించుకుని.

అతను వల పక్కన పెట్టాడు. "అమ్మా, నా కళ్లకి కట్టు కట్టీసినారు గానీ నా సెయ్యికి కాదు కదా. ఆల్లు నన్ను లాక్కెల్తంటే మీ సెయ్యి నా సెయ్యి ఒగ్గలేదు. గుమ్మం దాకా ఒగ్గలేదు. కడగడం ఆల్లే ఆపీసినారు, మీరు ఆపలేదమ్మా. నాకు తెల్సు."

అన్నేళ్లలో ఆమెకు ఆ మాట చెప్పగలిగిన మనిషి అతనొక్కడే. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే చూపున్న కంటికి ఏ చుక్కలు వేస్తున్నాడని అడిగింది. సీసా తెప్పించుకుని గడువు తేదీ చూసింది. సీసా మూత తెరిచే ముందు చేతులు కడుక్కోవాలని అతని భార్యకు గట్టిగా చెప్పింది.

బయల్దేరేటప్పుడు మాతో ఒడ్డు దాకా వచ్చి అప్పన్న నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. "మీ గొంతే గానీ మొకం సూణ్నేదు నేను. ఇయ్యాల సూసినాను. అలా నిలబడండి, ఫొటో నేను తీస్తాను," అన్నాడు. ఒక కంటికి సరిపోయేలా ఫోన్‌ను అటూ ఇటూ వంచి చూస్తున్నాడు. అందుకే ఆ సముద్రం ఒరిగింది. చిన్నమ్మ నోరు తెరిచి వెనక్కి తిరిగింది ఎందుకంటే, అలల చప్పుడు దగ్గరికి వస్తుంటే, "నీళ్లు ఏడిదాంక వచ్చినయి? జల్దీ తియ్యి నాయనా," అని అరుస్తోంది.

తిరుగు రైల్లో విప్పి చూస్తే పులిహోర పాడైపోయింది. స్టేషన్లో కొన్న ఇడ్లీలు ఇద్దరం తిన్నాం. "ఇంకా వేరే ఊర్లల్ల గూడ సముద్రమున్నదంట గదా," అంది. అలా మొదలయ్యాయి ఆమె ప్రయాణాలు. భయం తగ్గిందా అంటే లేదు. రైలెక్కే ముందు కిటికీ తెరుచుకుంటుందో లేదో చూసేది, పడవ ఎక్కే ముందు లైఫ్ జాకెట్ బకిల్ లాగి లాగి చూసేది, పక్కవాళ్లది కూడా లాగేది. పండక్కి అప్పన్నకు ఫోన్ చేస్తే మొదటి మాట కంటి గురించే. నేను మాత్రం ఆమె వెళ్లిన ప్రతిసారీ ఫోన్ చేతిలో పట్టుకునే తిరిగాను. అలా కంగారు పడడానికి ఒక మనిషి ఉండడం ఎంత నిండుతనమో, ఇప్పుడు షాపులో ఊరికే ఫోన్ చూసుకుంటున్నప్పుడు తెలుస్తోంది.

ఆమె పోయిన సంగతి అప్పన్నకు నేనే చెప్పాను.  "అంత దూరం రాలేనమ్మా. ఎండలో పెయాణం కన్ను ఓర్సుకోదు," అన్నాడు. కంటికి హాని చేసుకుని రావడం ఆమెకే నచ్చేది కాదని చెప్పాను. దినాలు ఏ రోజు, ఏ వేళకి అని అడిగి పెట్టేశాడు.

దినాల నాడు కర్దనూర్ ఇంటి ముందు షామియానా కింద అందరం కూర్చుని ఉండగా వీడియో కాల్ వచ్చింది. అప్పన్న మొహం ఒక్క క్షణం కనబడింది, నల్ల కళ్లద్దాలతో. వెంటనే ఫోన్‌ను సముద్రం వైపు తిప్పాడు. నేను నా ఫోన్‌ను ఆమె పటం ముందు స్టూలు మీద నిలబెట్టాను. ఖాలా జరిగి వచ్చి నా పక్కన కూర్చుంది. షామియానా అంతా సముద్రం చప్పుడు. వంట దగ్గరున్నవాళ్లు కూడా గరిటెలు ఆపి చూస్తున్నారు. దూరంగా ఒక అల లేచింది, పెరుగుతూ ఒడ్డు వైపు వచ్చింది. అంతలో సిగ్నల్ తగ్గి చప్పుడు పోయింది. అల పైకి లేచిన చోటే ఆగిపోయింది. ఎవరూ ఫోన్ ముట్టుకోలేదు. ఆ చిన్న తెర మీద అల విరగకుండా అలాగే నిలబడి ఉంది.