మట్టెవాడలో నా నోరు తెరిపించిన దేవుడు

సహోదరులారా, అక్కలారా, చెల్లెళ్లారా, ఈ ఉదయం మీ ముందు నిలబడి మాట్లాడే భాగ్యం ఇచ్చిన ప్రభువుకు వందనాలు! కరుణమ్మ నోరు తెరిస్తే ఆపడం కష్టమని మీరందరూ నవ్వుకుంటారు, మా ఆయనైతే పైకే అనేస్తారు, కానీ ఈ ఊరికి వచ్చిన కొత్తలో నెలల తరబడి ఎవరితోనూ పలకలేక, తలుపు గడియ పెట్టుకుని కూర్చున్న మనిషి నేనేనంటే నమ్ముతారా?

మాది నరసాపురం. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది మా ఆయనకు ఇక్కడి మిల్లులో ఫిట్టరుగా ఉద్యోగం వచ్చింది. ఒక ట్రంకు పెట్టె, కిరసనాయిలు స్టవ్వు, మా అమ్మ కట్టిచ్చిన నిమ్మకాయ ఊరగాయ జాడీ పట్టుకుని మండుటెండలో వరంగల్ స్టేషన్లో దిగాం. అప్పటికి నేను కడుపుతో ఉన్నాను. మా ఊళ్ళో ఎటు చూసినా కాలువలు, కొబ్బరి చెట్లు! ఇక్కడ ఎటు చూసినా బండరాళ్లు, గుట్టలు! మట్టెవాడలో ఒక కిరాణా కొట్టు వెనక గదిలో అద్దెకు దిగాం.

మొదటి వారమే, మా ముందున్న కొట్టు మూసి ఉంటే బజారుకు వెళ్లి పంచదార ఇమ్మని అడిగాను. కొట్టతను నా మొహం చూసి, "పంచదారా? గదేందమ్మా? మా తాన లేదు" అన్నాడు. నేను వేలుతో డబ్బా చూపిస్తే, "షక్కరా! గట్ల చెప్పరాదూ!" అని పకపకా నవ్వాడు, అక్కడున్న వాళ్లందరూ నవ్వారు. ఈ రోజు చెబుతుంటే నాకూ నవ్వొస్తుంది గానీ, ఆ రోజు పంచదార కూడా తీసుకోకుండా ఏడ్చుకుంటూ ఇంటికొచ్చేశాను. మళ్లీ బజారు మొహం చూడలేదు.

దానికి తోడు మా ఇంటావిడ, ఆ కిరాణా కొట్టు పెద్దమ్మ, ఒకనాడు నా పాలిపోయిన మొహం చూసి, "నీ పెనిమిటికి తీరిక లేకుంటే నేను తోల్కపోత దవాఖానకు" అన్నది. మా వైపు తోలేది గొడ్లను! ఈవిడకు నేను గేదెలా కనబడుతున్నానా అని నేను గడియ పెట్టుకున్నాను. అక్కడి నుంచి ఏదో భయం పట్టుకుంది, సహోదరులారా! వీధిలో ఎవరైనా గట్టిగా పిలిస్తే గుండె దడ, ముద్ద నోట్లో పెడితే వాంతి, నిద్ర లేదు. దవాఖానలో డాక్టరమ్మ, "జబ్బేమీ లేదమ్మా, కానీ నువ్వు తినకపోతే బిడ్డ దక్కదు" అని చెప్పేసింది. మా ఆయన బెదిరిపోయి, "ఉద్యోగం మానేస్తాను కరుణా, మనూరు వెళ్లిపోదాం, అక్కడేదో ఒకటి చూసుకుందాం" అన్నారు. అక్కడ ఏ పనీ దొరక్కే కదా ఇంత దూరం వచ్చింది!

ఆయన షిఫ్టుకు వెళ్లాక నేను మోకాళ్ల మీద పడ్డాను. "ప్రభువా, నాకు ఈ ఊరు తెలియదు, ఈ మాట తెలియదు, నువ్వు మాత్రం నాకు తెలుసు! నా బిడ్డను కాపాడు, నాతో మాట్లాడే ఒక్క మనిషిని ఇవ్వు తండ్రీ!" అని గొంతెత్తి ఏడ్చాను. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. ఇంకా ఆమేన్ అననే లేదు, తలుపు దబదబ మోగింది. తీద్దునా వద్దా అనుకుంటూనే గడియ తీశాను. పెద్దమ్మ!

"ఎవలతోని మాట్లాడుతానవ్ బిడ్డా? ఇంట్ల ఎవ్వలు లేరు గదా!"

"దేవుడితోనండి."

"ఏమన్నడు మరి?"

"ఇంకా ఏమీ అనలేదండి."

"అంటడు తియ్యి. అందాక జర బువ్వ తిను, కడుపుల పిల్ల ఉపాసముంటాంది" అని తన ఇంట్లోకెళ్లి సల్ల, అదే మన మజ్జిగ, పోసి కలిపిన బువ్వ గిన్నె తెచ్చి, నా పక్కనే కూర్చుని ముద్దలు పెట్టింది. ఆశ్చర్యం! ముద్ద దిగింది, వాంతి కాలేదు, గిన్నె ఖాళీ అయింది! దేవునికే మహిమ! ఆ ధైర్యంతో, నన్ను తోలుకుపోతాననడం ఎంత బాధ కలిగించిందో చెప్పేశాను. పెద్దమ్మ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వి, "అయ్యో నా తల్లీ! తోల్కపోవుడంటే ఎంట తీస్కపోవుడే! మేం పెండ్లిపిల్లను గూడ తోల్కనే వస్తం!" అన్నది. నేనూ నవ్వాను, ఎన్నాళ్లకో నా నవ్వు నాకు వినపడింది!

అక్కడితో ఆగలేదు నా ప్రభువు. ఆ ఆదివారం పెద్దమ్మ, "మీ గుడి ఏడున్నదో నాకెరుకే, నడువు" అని రిక్షా పిలిచి, బొట్టు పెట్టుకుని, కొప్పులో పూలు పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని ఈ మందిరానికే తీసుకొచ్చింది! "గీ పిల్లకు ఈడ ఎవ్వలు లేరు, జర మీరే చూసుకోవాలె" అని పాస్టరు అయ్యగారికి అప్పజెప్పింది. మీలో పెద్దవాళ్లు ఆ రోజు నా చుట్టూ చేరి ఎలా ప్రార్థించారో నేను మరిచిపోను. ఆ భయం మెల్లమెల్లగా వదిలింది, ఒంట్లోకి బలం వచ్చింది, మా ఆయన ఉద్యోగం మానలేదు, పండంటి ఆడపిల్ల పుట్టింది. అదిగో, ముందు వరుసలో కూర్చుని నా సాక్ష్యానికి సిగ్గుపడుతోంది చూడండి! ఇంట్లో అది మాట్లాడేది అచ్చంగా పెద్దమ్మ మాటే, నరసాపురం వెళితే మా అమ్మకు నేనే అర్థం చెప్పాలి!

ఈ సంగతి ఈ రోజే ఎందుకు చెబుతున్నానంటే, పోయిన వారం ఒంగోలు నుంచి ఒక కుటుంబం మన మధ్యకు వచ్చింది. ఆ చెల్లి వెనకాల తలుపు దగ్గర కూర్చుని, వచ్చినప్పటి నుంచి తల ఎత్తలేదు. అమ్మా, నీ మాట ఇక్కడ ఎవరికీ అర్థం కాదని బెంగపడకు, నీ మాట విని అర్థం చేసుకునే దేవుడు నీకంటే ముందే ఈ ఊరు వచ్చి ఉన్నాడు! ఆయనను నమ్ముకో, ఆయన చెయ్యి వదలకు. ఆరాధన అయ్యాక పిల్లల్ని తీసుకుని మా ఇంటికి రండి, మీకు కూడా కలిపే అన్నం వండి వచ్చాను. ఆయనకే స్తోత్రం, ఆమేన్!