మూడోసారి కూడా వద్దన్న టీ

ఐర్లండ్ వాళ్ళ గురించి నాకు తెలిసిందంతా ఒక్క జంట దగ్గర నేర్చుకున్నదే. ఆవిడ ఈ అరబ్బు దేశంలో, అల్ ఘర్రాఫాలో మా స్కూలు టీచరు. నేను అదే స్కూల్లో ఆఫీసు క్లర్కుని. ఆవిడ భర్త రిటైరైన మనిషి. రోజూ కారేసుకుని వచ్చి ఆవిడని ఇంటికి తీసుకెళ్ళేవారు.

వాళ్ళ ఊళ్ళో ఎవరైనా టీ ఇస్తామంటే మొదటిసారి వద్దనాలట. రెండోసారీ వద్దనాలట. మూడోసారి అడిగితే మాత్రం మహా మొహమాటపడిపోతూ పుచ్చుకోవాలట. "అయితే మీరు మా గోదావరోళ్ళకి చుట్టాలే మేడమ్" అన్నాను. గుమ్మంలో నిలబడి సెలవు తీసుకోవడానికే వాళ్ళకి అరగంట పడుతుంది. ఫోన్ పెట్టేయాలంటే ఎనిమిదిసార్లు బై చెప్పాలి. ఇంత మాటకారులూ మొహం మీద మాత్రం ఎవర్నీ మెచ్చుకోరు. మెచ్చుకుంటే నెత్తికెక్కుతారని భయం. "నలభై ఏళ్ళ కాపురంలో మా ఆయన నన్ను బాగున్నావని ఒక్కసారి అనలేదు తెలుసా!" అని నవ్వేది మేడమ్.

నాకు తెలుసు. ఆవిడకి తెలియనిది కూడా తెలుసు. రెండింటికి రావలసిన ఆయన ఒంటిగంటకే మా ఆఫీసుకి వచ్చేసేవారు. నా బల్ల పక్క కిటికీలోంచి ఆటస్థలం కనిపిస్తుంది. ఆ గంటా అక్కడ మేడమ్ డ్యూటీ. మెడలో విజిల్‌తో, నెత్తిన పాత టోపీతో పిల్లల మీద అరుస్తూ తిరిగేది. నేనిచ్చిన టీ పట్టుకుని ఆయన గంటసేపూ అలా చూస్తూ నిలబడేవారు. "దానికి చెప్పకు. తెలిస్తే ఇక పట్టలేం" అనేవారు. బెల్లు కొట్టగానే వెనక గేటులోంచి జారుకుని, కారు ఓ చుట్టు తిప్పి, పది నిమిషాలు ఆలస్యంగా ముందు గేటుకి వచ్చేవారు. మేడమ్ చేత తిట్లు తినేవారు. ఒకసారి ఆవిడ ఉన్నట్టుండి ఆఫీసులోకి వచ్చేసరికి ఆరడుగుల మనిషి టీ కప్పుతో సహా నా బల్ల కింద దూరారు. నవ్వాపుకోలేక దగ్గు తెచ్చుకున్నాను.

ఒక గురువారం, ఇంటి ముందు కారు దిగుతూనే ఆయన కూలిపోయారు. మళ్ళీ లేవలేదు.

ఆయన్ని వాళ్ళ దేశం పంపడానికి కాగితాలు కావాలి కదా, అందాకా ఆస్పత్రిలోనే ఉంచారు. మర్నాడు మేడమ్ వాళ్ళ పద్ధతిలో ఇంటి తలుపు తెరిచిపెట్టి, వచ్చేవాళ్ళ కోసం కూర్చుంది. నేను బయల్దేరేముందు అమ్మకి ఫోన్ చేశాను. "చావింట్లో మంచినీళ్ళు కూడా ముట్టుకోకే. వచ్చేటప్పుడు వెళ్ళొస్తానని మాత్రం అనకు" అంది. అది నాకు తెలియందా?

లోపల ఏసీ ఆడుతోంది, ఒక కిటికీ మాత్రం బార్లా తెరిచి ఉంది. ప్రాణం బయటికి వెళ్ళడానికట. బల్ల నిండా శాండ్విచ్‌లు. ఆయన గురించి ఎవరో ఏదో చెబుతుంటే అందరూ పకపకా నవ్వుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇదేం చోద్యం? మనిషి పోయి ఒక రోజన్నా కాలేదు!

మేడమ్ నాకు టీ తెచ్చింది. వద్దన్నాను. మళ్ళీ అడిగింది. వద్దన్నాను. మూడోసారి కప్పు నా చేతిదాకా తెచ్చింది. వద్దన్నాను. ఆవిడ కప్పు పక్కన పెట్టి నా దగ్గర కూర్చుంది.

"గేటు దగ్గర రోజూ చూసేదానివి కదా. ఆయన గురించి ఏదైనా చెప్పు. నాకు తెలియంది ఏదన్నా ఉంటే చెప్పు" అంది. మళ్ళీ ఆవిడే అందుకుంది. "నిన్న కారులో దారంతా తిట్టాను. ఒక్కరోజైనా టైముకి రాలేవా, నేనంటే నీకు అంత అలుసా అన్నాను. నేను ఆయనతో అన్న ఆఖరి మాట అదే."

మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో బల్ల కింద నక్కిన మనిషి కళ్ళముందు మెదిలారు. చెబితే ఆవిడకి నవ్వొస్తుంది. మొగుడు పోయినామెని నవ్విస్తానా? "చాలా మంచివారు మేడమ్" అన్నాను. ఆవిడ ఇంకా నా మొహమే చూస్తోంది. నేను లేచి, చెప్పాపెట్టకుండా చెప్పులేసుకుని బయటికి వచ్చేశాను. వెనకనుంచి పిలిచింది. తిరిగి చూడలేదు. అల్ మన్సూరాలో మా ఫ్లాటుకి చేరి తలస్నానం చేసి, అన్నీ పద్ధతిగా చేశానని తృప్తిపడ్డాను. తృప్తట, నా మొహం!

మేడమ్ ఆయనతోపాటే వెళ్ళిపోయింది. వాళ్ళ ఊరి చర్చిలో జరిగిన ప్రార్థన చర్చివాళ్ళే ఫోన్లో లైవ్‌గా చూపించారు. ఊరు ఊరంతా వరసగట్టి ఆవిడ చెయ్యి పట్టుకుని పలకరించారు. ఒక ముసలాయన ముందుకొచ్చి, పోయినాయన కుర్రతనంలో గాడిద మీంచి పడ్డ కథ చెప్పాడు. చర్చి అంతా నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ మేడమ్ కూడా నవ్వింది. అప్పుడర్థమైంది నాకు, చావింటికి వాళ్ళు పట్టుకెళ్ళేది ఏమిటో. నేను మాత్రం ఒట్టి చేతులతో వెళ్ళాను. కాదు, ఉన్నది కొంగున కట్టుకుని తిరిగి తెచ్చేసుకున్నాను.

సిగ్గుతో మూడు వారాలు ఫోన్ చెయ్యలేకపోయాను. చివరికి చేసి, ఆఫీసు కిటికీ సంగతి, టీ సంగతి, వెనక గేటు సంగతి, బల్ల కింద దూరడం, అంతా ఒక్క బిగిన చెప్పేశాను. ఆవిడ పెద్దగా నవ్వింది.

"గంట ముందా?" అంది.

"అవును మేడమ్. రోజూ."

"ఇక్కడ చర్చికి తీసుకెళ్ళేముందు రెండు రోజులు మా ఇంట్లో ఆయన్ని పడుకోబెట్టిన పెట్టె తెరిచే ఉంచాం. పక్కనే కూర్చున్నాను. చెయ్యి పట్టుకుని అవీ ఇవీ చెప్పాను" అంది. "అప్పటికి ఇది కూడా తెలిసుంటే, కారులో అన్న ఆ మాట వెనక్కి తీసుకునేదాన్ని."

ఆవిడ బై అనలేదు. నేనూ అనలేదు. ఇద్దరం ఫోన్లు చెవులకి ఆనించుకుని అలాగే ఉండిపోయాం.