పాప పేరు చెప్పి పాత కంప్యూటర్

సిద్దిపేటలో మా ఇంటి ముందుగదే మా టైపింగ్ సెంటర్. మౌసుతో నడిచే కొత్త కంప్యూటర్ వచ్చిన వారానికే, పాతదాన్నీ దాని ప్రింటర్‌నూ అమ్మేద్దామన్నారు మా ఆయన.

"గా డబ్బలు పెట్ట జాగ ఏది? నారాయణరావుపేట సారు ఒకాయన ఎల్లుండి వచ్చి కొంటనన్నడు."

"ప్రింటర్ సప్పుడు లేకుంటే పాప పండదు" అన్నాను.

"పండనిది పాపనా, నువ్వా?"

ఎనిమిది నెలల పాప ఒకటి రెండుసార్లు ఆ చప్పుడులో నిద్రపోయిన మాట నిజమే. మిగతాది నేను కల్పించింది. డిగ్రీ అయ్యాక నేను పని నేర్చుకున్నది ఆ పాత కంప్యూటర్ నల్ల తెర మీదే. పాప తుమ్మితే ఇంట్లో తలా ఒక మాట చెబుతారు, అందరి మాటా విని నేను ఇంకా భయపడతాను. ఆ తెర అట్లా కాదు. తప్పు కొడితే తప్పని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటుంది. అన్నీ చెరిపెయ్యమంటే, నిజంగానా, అవునా కాదా అని ఆగి అడుగుతుంది. నాలాగే పిరికిది. కొత్తదాంట్లో బాణం గుర్తు వెంటపడి, మౌసును బల్ల చివరిదాకా తోసి కింద పడేస్తాను.

అత్తమ్మ తీర్పు చెప్పింది. "సప్పుడు లేకుండ పండవెట్టి చూడున్రి. పంటే అమ్ముడే."

మధ్యాహ్నం ప్రింటర్ ఆపి పాపను తొట్టెలలో వేశాను. రెండు ఊపులకే నిద్రపోయింది. కన్నబిడ్డ నిద్రపోయినందుకు అంత నీరుగారిపోయిన తల్లి ఇంకొకతె ఉండదు. కాస్త దగ్గాను. కదల్లేదు. గ్లాసు కింద పెట్టాను, కొంచెం గట్టిగానే.

"పిల్లను నువ్వే లేపుతున్నవు గదనే!" అంది అత్తమ్మ, బియ్యం ఏరుతూ.

అన్నరోజుకే సారు వచ్చారు. "నడుస్తదో లేదో ఒకసారి చూపియ్యున్రి" అన్నారు. ప్రింటర్ కర్రుమంది. తొట్టెలలో పాప ఉలిక్కిపడి లేచి కెవ్వుమంది.

"సప్పుడు లేకుంటే పండదంటివి?" అన్నారు మా ఆయన. పాపను భుజాన వేసుకుని గోడవైపు తిరిగాను.

రెండూ ఆటోలో వెళ్లిపోయాయి. రెండు అంచులా చిల్లులున్న ప్రింటర్ కాగితాల కట్ట మాత్రం ఇవ్వడం మరిచిపోయినట్టు దాచాను. ఇది రాస్తున్నది దాని మీదే. పాప హాయిగా నిద్రపోతోంది. ఇంట్లో ఏ చప్పుడూ లేదు. అందుకే నాలుగు వాక్యాలకోసారి లేచి, పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వస్తున్నాను.