చప్పట్లు తీసేసిన క్యాసెట్

పాటంటే స్టూడియోలో తలుపులు బిగించుకుని పాడేది కాదని మా అన్నయ్య వాదన. జనం ఎదురుగా పాడాలి, తప్పులు దొర్లాలి, గొంతు జీరపోవాలి, ఎవడో ఒకడు ఈల వెయ్యాలి. అందుకే మా అమీర్‌పేట గదిలో ఉన్న రాక్ క్యాసెట్లన్నీ కచేరీల్లో రికార్డు చేసినవే. అవీ కాపీకి కాపీలు. అట్టలు లేవు, వాటి మీద పేర్లు లేవు. ఏ బ్యాండో, ఏ దేశమో తెలియక మేమే పేర్లు పెట్టుకున్నాం. ఒకటి వాన క్యాసెట్. మధ్యలో వాన మొదలై జనం కేకలు పెడుతుంటే, పాడేవాడు నవ్వాపుకోలేక సగం చరణం మింగేస్తాడు. ఇంకొకటి తీగ క్యాసెట్. అందులో గిటార్ తీగ తెగితే, కొత్తది బిగించేదాకా డ్రమ్ములవాడు ఒక్కడే పాటని ఈడ్చుకొస్తాడు. "చూశావా, ఆపలేదు!" అనేవాడు అన్నయ్య, ఆ డ్రమ్ములవాడు మా మేనమామ అయినంత గర్వంగా.

అన్నయ్యకి పంజగుట్టలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేను అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సు నేర్చుకుంటున్నాను. ఆ రోజుల్లో అక్కడ ఎవర్ని కదిపినా ఏదో ఒక కోర్సులోనే ఉండేవాళ్లు. సాయంత్రం ఇద్దరం డాబా మీద కూర్చుని ఇయర్‌ఫోన్లు చెరొక చెవిలో పెట్టుకునేవాళ్లం. దానితో ఒక చిక్కు. గిటారంతా ఒక చెవిలోకి పోయేది, రెండో చెవికి జనం గోల మిగిలేది. నాకెప్పుడూ గోలే వచ్చేది. నాకసలే ముక్కు మీద కోపం. "ఇలా మార్చు" అని పీకితే, "పిచ్చిదానా, అసలు సంగతి నీ చెవిలోనే ఉంది" అనేవాడు.

ఒకసారి బెంగళూరు బ్యాండ్ ఒకటి ఊరి చివర కాలేజీ మైదానంలో కచేరీ పెట్టింది. ఆఫీసు ట్యాగులు మెడలోంచి తియ్యకుండానే వచ్చేశారు కుర్రాళ్లు. అన్నయ్య చిన్న టేప్ రికార్డర్ తెచ్చి నా చున్నీ కింద పెట్టాడు. "మన క్యాసెట్ మనమే చేసుకుందాం. నువ్వు మాత్రం దగ్గకు, మాట్లాడకు" అని మరీ మరీ చెప్పాడు. తీరా చూస్తే నోరు జారింది తనే.

మాది తెనాలి వైపు. పద్య నాటకాలు చూస్తూ పెరిగాం. మా వైపు పద్యం నచ్చితే నాటకం అయ్యేదాకా ఎవరూ ఆగరు. నడిమధ్యలోనే "వన్స్‌మోర్" అని అరుస్తారు. చచ్చి పడున్న వేషగాడైనా సరే, లేచి, పద్యం మళ్లీ అందుకుని, మళ్లీ చావాల్సిందే. ఆ అలవాటు ఒంట్లోంచి ఎక్కడికి పోతుంది? ఆ రోజు గిటార్ అతను ఒక ముక్క వాయించాడు. అది ఆగిందో లేదో, పాట ఇంకా సగంలో ఉండగానే, అన్నయ్య లేచి నిలబడి గొంతు చించుకుని "వన్స్‌మోర్!" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూసి పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. కానీ ఆ గిటార్ అతను ఆగాడు. డ్రమ్ముల వైపు తిరిగి ఏదో చెప్పి, ఆ ముక్క మొదటినుంచీ మళ్లీ వాయించాడు. అన్నయ్య రెండు చేతులూ తలమీదికెత్తి దణ్ణం పెట్టాడు.

ఇంటికొచ్చి వింటే బ్యాండ్ కంటే అన్నయ్యే గట్టిగా వినిపించాడు. "ఛీ, నా గొంతు ఇంత బొంగురుగా ఉంటుందా?" అని సిగ్గుపడ్డాడు. దానికి అన్నయ్య క్యాసెట్ అని పేరు పెట్టాను.

తర్వాత అన్నయ్యకి పెళ్లయింది, పాప పుట్టింది. పాప బోర్లా పడకముందే అన్నయ్యకి డెంగ్యూ జ్వరం వచ్చింది. వారం తిరక్కుండా పోయాడు. అంతకంటే దాని గురించి రాయలేను.

ఫోన్లలో గొంతులు దాచుకోవడం అప్పటికి మాకు తెలియదు. పెళ్లి వీడియో ఉంది గానీ, మొదటినుంచి చివరిదాకా సినిమా పాటలు పరిచేశారు. అన్నయ్య పెదాలు కదుపుతాడు, పాట ఇంకెవరో పాడతారు. వదిన ఒకరోజు అడిగింది. "పాపకి వాళ్ల నాన్న గొంతు వినిపించాలి. నీ దగ్గర ఆ క్యాసెట్ ఉందిగా?"

ఉంది. కానీ రీలు పాతబడింది, ఎప్పుడు నలుగుతుందో తెలియదు. సీడీ చేయిద్దామని అమీర్‌పేటలోనే ఒక షాపుకి తీసుకెళ్లాను. "చాలా ముఖ్యమైంది, జాగ్రత్తగా చెయ్యండి" అని ఒకటికి రెండుసార్లు చెప్పాను. ఆ మాట చెప్పకుండా ఉంటే, ఉన్నది ఉన్నట్టు ఎక్కించి ఇచ్చేవాడేమో. ఆ షాపులకి ఒక పద్ధతి ఉండేది. పాటకీ పాటకీ మధ్య చప్పట్లు, మాటలు, దగ్గులు వాళ్ల లెక్కలో చెత్త. ఎంత శుభ్రంగా ఏరితే షాపుకి అంత పేరు.

"అక్కా, మస్తు లొల్లి ఉండె అందుల" అన్నాడు షాపతను, సీడీ చేతికిస్తూ. "కూసొని అంత తీసేసిన. నడుమ ఎవడో గట్టిగ వన్స్‌మోర్ అని ఒర్రిండు, గది సుత తీసిన. గిటార్ ముక్క రెండుసార్లు పడ్డది, టేప్ ఖరాబైందేమో అని ఒకటి కోసేసిన. ఇగ సూడు, ఎంత సాఫ్ వస్తదో!"

క్యాసెట్ అడిగాను. ఎక్కించాక వెనక్కి తిప్పుతుంటే రీలు చుట్టుకుని ముక్కలైందట. కంప్యూటర్లో జాగా చాలక మొదట ఎక్కించింది కూడా చెరిపేశాడట. "ఫికర్ చెయ్యకు అక్కా, సీడీ ఉంది గద" అన్నాడు. ఎంతో మనసుపెట్టి చేసిన పని అది, మొహంలోనే తెలుస్తోంది. నా నోటికి జడవని వాడు మా వీధిలో లేడు. ఆ రోజు మాత్రం డబ్బులిచ్చి వచ్చేశాను.

అప్పటికి నేను పంజగుట్టకి మారాను, వదిన నాతోనే ఉండేది. నేను ఏమీ చెప్పకముందే నా చేతిలోంచి సీడీ తీసుకుని పెట్టేసింది. పాపని ఒళ్లో వేసుకుని, స్పీకర్ పక్కన కూర్చుని మొత్తం వింది. పాటలు ఒకదాని వెనక ఒకటి, కడిగిన గిన్నెల్లా వచ్చాయి. అంతా అయ్యాక నా వైపు చూసి "ఎక్కడ?" అంది.

చెప్పాను. వదిన ఏడవలేదు. కాసేపు పాప జుట్టు సర్దింది. "పోనీ, ఆ రోజు నువ్వు పక్కనే ఉన్నావుగా. మీ అన్నయ్య ఎలా అరిచారో ఒక్కసారి అరిచి చూపించు. పాప వింటుంది" అంది.

లేచి నిలబడి అరిచాను. అది నా గొంతు. బొంగురు చేసి మళ్లీ అన్నాను. వదిన తల అడ్డంగా ఊపింది. "కాదు, అలా ఉండదు."

"మరి ఎలా ఉంటుంది వదినా?"

చెప్పబోయి నోరు తెరిచింది. పాప ఒకసారి నన్నూ, ఒకసారి వాళ్లమ్మనీ చూసింది. మా ఇద్దరికీ గుర్తు రాలేదు.