బేరానికి రాని లైటు

శంషాబాద్‌లో మా కిరాణా కొట్టు పక్కనే ఒక డ్రైవర్ అంబులెన్స్ ఆగి ఉండేది. లోపల ప్రాణం ఉంటేనే పైన లైటు వేసేవాడు, పోతే ఆర్పేసేవాడు. ఆ సంగతి బజారంతటికీ తెలుసు.

నాన్నను అందులోనే ఆసుపత్రికి తీసుకెళ్తుంటే ఆరాంఘర్ దగ్గర నర్సు ఆయన నాడి చూసి తల అడ్డంగా ఊపింది. డ్రైవర్ చెయ్యి స్విచ్చు మీదికి పోయింది. ఉప్పు పొట్లానికైనా బేరమాడే వంశం మాది, అక్కడా మొదలుపెట్టాను.

“అన్నా, దవాఖాన దాకా ఉండనీ. అమ్మ వెనక కారుల వస్తున్నది, చూస్తది.”

“బతికున్నోళ్ల కోసమని అందరు పక్కకు జరుగుతున్నరు తమ్మీ. గట్ల మోసం జేయొద్దు.”

“పోనీ, ఆ వంతెన దాకా?”

ఆయన లైటు ఆర్పి, బండిని ఎడమకు తీసి లారీల వరుసలో కలిపాడు. అద్దంలో చూశాను. అమ్మ కూర్చున్న కారు నడిరోడ్డు మీదే ఆగిపోయింది.