మురుగు నీళ్ల రుచి

బంటుమిల్లి వైపు మా శివారు పొలాలకు కాల్వ నీరు అందరికన్నా ఆలస్యంగా వస్తుంది. అప్పటిదాకా నారుమడి ఎండిపోకుండా మురుగు కాల్వలో ఇంజను పెట్టి తోడుకుంటాం. ఇంజను తిప్పే ముందు దోసిట్లో నీళ్లు తీసుకుని నాలుక మీద వేసుకుని చూడాలి. సముద్రపు పోటు ఎక్కి ఉప్పు తగిలితే ఇంజను జోలికి పోకూడదు. మా అత్తగారు నాకు నేర్పిన మొదటి సేద్యం అదే. కొత్తలో నేను మొహం చిట్లిస్తే, "పప్పులో ఉప్పు చూడవూ? ఇదీ అంతేనే" అనేవారు.

పేరుకే అది మురుగు. వరి మళ్లలో నిలిచి, తేరుకుని, నెమ్మదిగా దిగిన వాన నీరే అందులో పారేది. పరిగెలు, మట్టగిడసల్లాంటి చేపలు ఎదురెక్కి మా మళ్లలోకి వచ్చి గుడ్లు పెట్టేవి.

మూడేళ్ల కిందట పక్క పొలం ఆయన రొయ్యల చెరువు తవ్వుతానంటూ కాగితం పట్టుకొచ్చారు. అభ్యంతరం లేదని చుట్టుపక్కల రైతుల సంతకాలు కావాలట. చుట్టం కాకపోయినా అన్నయ్యగారూ అని పిలిచే మనిషి. మా ఆయన చనిపోయిన ఏడాది మా కోత ఈయనే దగ్గరుండి చేయించారు. నన్ను మొహమాటం చంపేసింది. కాఫీ ఇచ్చి మరీ సంతకం పెట్టాను. తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఈ ఏడు నారుకు నీళ్లు పెట్టే రోజున రుచి చూస్తే కొంచెం తేడాగా అనిపించింది. పొద్దున చద్దన్నంలో నంజుకున్న ఆవకాయ ఉప్పేమోలే అనుకుని ఇంజను తిప్పేశాను. నాలుగు రోజులకు నారు కొసలు ఎర్రబారాయి. నేను నీళ్లు పెట్టిన ముందు రోజే అన్నయ్యగారు రొయ్యలు పట్టి, చెరువులోని ఉప్పు నీళ్లన్నీ మురుగు కాల్వలోకి వదిలేశారని తరవాత తెలిసింది.

కోపంగా ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన కుర్చీ వేసి, "ఇంకెన్నాళ్లండీ ఈ వరి, చెల్లెమ్మా? మీ రెండెకరాలూ లీజుకిచ్చేయండి, నా చెరువులో కలిపేసుకుంటాను. మీకూ నిశ్చింత" అన్నారు.

"నా నారు చంపి నాకు నిశ్చింతా అన్నయ్యగారూ!" అని లేచి వచ్చేశాను.

గూడూరులో మా పిన్ని వాళ్ల దగ్గర మిగిలిన నారు తెచ్చుకున్నాను. కాల్వ నీరు వచ్చాక నాట్ల కోసం దమ్ము చేయిస్తుంటే నత్తగుల్ల కొంగలు దిగాయి. ఏటా పదో పదిహేనో వచ్చేవి. ఈసారి బురద కనపడనన్ని వచ్చాయి.

అన్నయ్యగారు గట్టెక్కి ఫోనులో వీడియో తీస్తూ, "మీ పొలానికి ఎంత కళ వచ్చిందో చూడండి చెల్లెమ్మా!" అన్నారు.

నాకు సంతోషం కలగలేదు, భయం వేసింది. "కళ కాదండీ. చుట్టూ అన్నీ చెరువులే. వీటికి దిగడానికి ఇంకో మడి లేదు" అన్నాను.

ఆయన ఫోను దించారు. "మీరూ వరి మానేస్తే మరి?" అని మెల్లగా అడిగారు.

మాననన్నాను. వచ్చే ఏడు ఏ నీళ్లతో నారు పోస్తానో ఆయన అడగలేదు. నేను మురుగు కాల్వ దగ్గరికి వెళ్లి దోసిట్లో నీళ్లు తీసుకుని నాలుక మీద వేసుకున్నాను.